టోలెడోలో కింది చెయ్యి

టోలెడో చాలా అందమైన ఊరు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఇక్కడి నుంచి చివరిదాకా నేను ఎవరో ఒకరి మీద కోప్పడుతూనే ఉంటాను. ఆ కోపం ఊరి మీద అని మీరనుకుంటే ఊరికి అన్యాయం జరుగుతుంది. మాడ్రిడ్ నుంచి బస్సులో గంట పైన ప్రయాణం. కొండ మీద ఊరు, మూడు వైపులా చుట్టుకుని పారే నది, ఇద్దరు పక్కపక్కన నడిస్తే గోడలు భుజాలకు తగిలే సందులు. అవన్నీ చూడవలసినవే.

నేను వనస్థలిపురంలో ఉంటాను. ముప్పై ఏళ్ళు సర్కారు బడిలో సోషల్ చెప్పి రిటైరయ్యాను. స్పెయిన్ మ్యాపు బ్లాక్ బోర్డు మీద ఎన్నిసార్లు గీశానో లెక్కలేదు గానీ, అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటితే తప్ప అన్నం పెట్టరని ఏ పాఠంలోనూ లేదు.

నాతో వచ్చింది అండాలమ్మ. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక సందులో ఆమెకు మగ్గం వర్కు షాపుంది. సొంతూరు చౌటుప్పల్ దగ్గర. ఇరవై ఏళ్ళుగా నా జాకెట్లన్నీ ఆమె చేతిలో పడ్డవే. ఆమె నన్ను నువ్వనే అంటుంది. తెనాలి వైపు నుంచి వచ్చిన నాకు, ఆ మాటలో అమర్యాద ఏమీ లేదని తెలియడానికి ఐదేళ్ళు పట్టింది.

మా ఇద్దరికీ స్పెయిన్ ఎందుకంటే దానికో కారణం ఉంది. మా దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కొత్తగా నాలుగంతస్తుల బట్టల షోరూమ్ ఒకటి వచ్చింది. దాని మేనేజరు అండాలమ్మను పిలిపించి, కింది అంతస్తులో అద్దాల గది కడుతున్నాం, మీరు అందులో కూర్చుని మగ్గం కుట్టాలి, వచ్చేపోయేవాళ్ళు చూస్తారు, నెలకు జీతం ఇస్తాం అన్నాడు. ఫోన్‌లో ఒక వీడియో కూడా చూపించాడు. తాడు కట్టిన కళ్ళద్దాలు పెట్టుకున్న ముసలాయన అద్దాల గదిలో కూర్చుని నల్లటి ఉక్కు మీద బంగారు తీగ పొదుగుతున్నాడు. "ఇది టోలెడో అనే ఊరమ్మా. అక్కడ కళాకారులకు ఇలా మర్యాద చేస్తారు" అన్నాడట.

ఒప్పుకుంటే షాపు మూసెయ్యాలి. ఒప్పుకోకపోతే కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మిషన్ల పక్కన ఆ సందులో ఇంకెన్నాళ్ళు నెట్టుకొస్తుందో తెలియదు. నేను మాత్రం ఒప్పుకోమనే పోరాను. ఏసీలో కూర్చోవచ్చు, మర్యాద ఉంటుంది, పేరొస్తుంది, జాకెట్టు ఇంకా కాలేదా అని పీకే నాలాంటి వాళ్ళుండరు అని నచ్చజెప్పాను. ఆమె అంతా విని, "గాయనను ఒక్కపారి నా కండ్లతోటి చూసొచ్చి చెప్తా టీచర్" అంది. కొత్తపేటలో ఒక ట్రావెల్స్ వాళ్ళ యూరప్ ప్యాకేజీలో టోలెడోకు ఒక పగలు ఉందని తెలిసి ఇద్దరం పేర్లు రాయించుకున్నాం.

నది దగ్గర

బస్సు కొండ కింద ఆగింది. మా టూర్ మేనేజరు ప్రసాద్ కాకినాడ మనిషి. పచ్చ గొడుగు పైకెత్తి నడుస్తాడు, మేము వెనక పరిగెత్తాలి. వంతెన మీద నిలబడి నదిని చూస్తుంటే అడ్డుగట్టు దగ్గర తెల్లటి నురగ కనిపించింది.

"నాగోల్ కాడ మూసీ లెక్కనే ఉంది గదా" అంది అండాలమ్మ.

ఇంత దూరం వచ్చి నురగ చూడాలా అని నాకు ఒళ్ళు మండింది. పక్కనున్న మెహదీపట్నం దంపతులు ఆ నురగే వెనక పెట్టుకుని ఫోటోలు దిగారు. నాగోల్ వంతెన మీద ఎవరైనా ముక్కు మూసుకోకుండా ఫోటో దిగగా నేను చూడలేదు. "మేడమ్, ఇక్కడే మూడు నిమిషాలు అయిపోయాయండీ" అని ప్రసాద్ గొడుగు ఆడించాడు. కొండ ఎక్కడానికి మెట్లు ఉంటాయని మోకాళ్ళకు మాత్రలు వేసుకుని వెళ్ళాను. తీరా చూస్తే మాల్‌లో ఉన్నట్టు ఎస్కలేటర్లు పెట్టారు. ఈ ఒక్క విషయంలో ఆ ఊరివాళ్ళను ఏమీ అనను.

గుడికి టికెట్టు

పెద్ద చర్చి ముందు టికెట్టు కౌంటర్ ఉంది, ఎదురుగా వీధిలో. మనిషికి పన్నెండు యూరోల పైనే. దేవుణ్ణి చూడటానికి టికెట్టేమిటని నేను గొణిగితే, "మన కాడ స్పెషల్ దర్శనం ఫ్రీనా" అని అడిగింది అండాలమ్మ. రెండు టికెట్లు కొన్నాను.

లోపల స్తంభాలు, రంగు అద్దాలు, పైకప్పుకు కన్నం పెట్టి లోపలికి దించిన వెలుతురు. అందరూ మెడలు పైకెత్తి చూస్తున్నారు. అండాలమ్మ ఒక్కతే అద్దాల పెట్టె దగ్గర నడుం వంచి కిందికి చూస్తోంది. అందులో పాతకాలం పూజారుల అంగీలు ఉన్నాయి, వాటి నిండా జరీ పని.

"ఏం వెతుకుతున్నావు?"

"ఎనక దిక్కు చూడాలె టీచర్. ముంగట ఎవడైనా మంచిగనే చేస్తడు. తిర్లేసి చూస్తెనే పని తెలుస్తది."

ఆమె అలవాటే అది. పెళ్ళిళ్ళలో ఎవరి పమిట కనిపించినా చేత్తో తిరగేసి చూస్తుంది. ఇక్కడ పెట్టెకు తాళం ఉంది గనుక కింద దూరి చూడబోయింది. కాపలా ఆవిడ పరుగున వచ్చి స్పానిష్‌లో చెడామడా తిట్టింది. అరవై మంది సెల్ఫీ కర్రలతో స్తంభాలకు తగులుతుంటే పలకని మనిషి, పని తెలిసిన ఒక్క మనిషి వంగి చూస్తే తిట్టడమేమిటి? నేను ఇంగ్లీషులో ఆ మాటే అడిగాను. ఆవిడకు అర్థం కాలేదు. అర్థం కాకుండానే ఇంకోసారి తిట్టింది.

తినక ముందే పాన్

భోజనం ఎవరిది వాళ్ళే చూసుకోవాలని, మూడింటికల్లా చౌరస్తాకు రావాలని చెప్పి ప్రసాద్ మాయమయ్యాడు. పన్నెండున్నరకు మేము ఒక హోటల్ తలుపు తట్టాం. లోపల కుర్చీలు వేస్తున్నారు, మనుషులున్నారు, వాసన వస్తోంది. ఒంటిగంటన్నరకు రమ్మన్నారు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ వేళకు సగం మెస్సుల్లో సాంబారు అయిపోతుంది. గంటసేపు బయట గట్టు మీద కూర్చున్నాం.

ఆ రోజు శనివారం. అండాలమ్మ మిగతా రోజుల్లో మటన్ తింటుంది గానీ శనివారం నీచు ముట్టదు. నేనూ అంతే. అందుకని మాంసం లేకుండా అనే మాటను ఫోన్‌లో స్పానిష్‌లోకి మార్చి వడ్డించే ఆవిడకు చూపించాను. ఆవిడ చాలా ఆప్యాయంగా తల ఊపి, "పాన్?" అంది.

అండాలమ్మ ముఖం విచ్చుకుంది. "పానట టీచర్. తినక ముందే ఇస్తరా? సాదా చెప్పు, సున్నం తక్కువెయ్యమను."

నేను ఆ రెండూ ఎలా చెప్పాలో తెలియక వేళ్ళతో ఆకు మడిచినట్టు చూపించాను. ఆవిడ నవ్వి వెళ్ళి ఒక బుట్ట నిండా రొట్టె తెచ్చింది. స్పానిష్‌లో పాన్ అంటే రొట్టె. బిల్లులో దానికి వేరే ధర ఉంది, ఆ సంగతి తర్వాత తెలిసింది.

సలాడ్ వచ్చింది. ఆకుల పైన చేప ముక్కలు. మాంసం వద్దన్నాం కదా అంటే, ఇది మాంసం కాదు, చేప అంది. వెల్లుల్లి సూప్ తెమ్మన్నాం. అందులో పంది మాంసం తునకలు. ఇదేమిటంటే, మాంసం కాదట, రుచి కోసమట. నాకు వచ్చిన కోపానికి ఆ క్షణాన తెలుగు తప్ప ఇంకో భాష నోటికి రాలేదు. ఒక దేశం మొత్తానికి మాంసం అంటే ఏమిటో తెలియకపోతే నేనేం చెయ్యను?

చివరికి అండాలమ్మ సంచిలోంచి సీసా తీసింది.

"ఆవకాయ తెచ్చావా?"

"ఆవకాయ గాదు, తొక్కు."

మామిడికాయ తొక్కు రొట్టెకు రాసుకుని తిన్నాం. వడ్డించే ఆవిడ కుతూహలంగా చూస్తుంటే అండాలమ్మ చిన్న ముక్కకు రాసి ఇచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా రెండో ముక్క అడిగి, మాకు బాదం పిండితో చేసిన మిఠాయి చెరొకటి ఊరికే ఇచ్చింది. అచ్చంగా మన బాదం బర్ఫీ, పైన కొంచెం కాల్చినట్టు ఉంది. బిల్లు ఇద్దరికీ ముప్పై నాలుగు యూరోలు. మేము తిన్నది రొట్టె.

అద్దాల గది

వీడియోలో చూసిన దుకాణం చౌరస్తా నుంచి రెండో సందులోనే ఉంది. గుమ్మం పక్కనే అద్దాల గది. లోపల తాడు కట్టిన కళ్ళద్దాలతో అదే ముసలాయన. అండాలమ్మ పమిట సర్దుకుని, పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళినప్పటిలా చెప్పులు విప్పబోయింది. నేనే ఆపాను.

ఆయన చిన్న సుత్తితో నల్లటి రేకు మీద టకటకమని కొడుతున్నాడు. చుట్టూ జనం ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను లోపలికి వెళ్ళి బంగారు తీగతో ఆకు బొమ్మ ఉన్న లాకెట్ ఒకటి కొన్నాను. నలభై యూరోలు. చీటీ మీద స్పానిష్‌లో రాసింది ఫోన్‌లో చూస్తే, చేతితో చేసినది అని వచ్చింది. సంతోషంగా తెచ్చి చూపించబోతే అండాలమ్మ నా వైపు చూడలేదు.

"టీచర్, గాయన ఎడమ చెయ్యి చూడు."

"ఏముంది అందులో?"

"ఏం లేదు. గదే చెప్తున్న."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. మగ్గం పనిలో పైచెయ్యి సూదిని గుచ్చుతుంది. ఆ సూదికి కొస కొంకిగా ఉంటుంది, బెజ్జం ఉండదు. గుడ్డ కింద ఉన్న రెండో చెయ్యి దారం పట్టుకుని ప్రతి పోటుకూ అందిస్తేనే కుట్టు పడుతుంది. చూసేవాళ్ళకు పైచెయ్యే కనిపిస్తుంది, పని నడిపేది కింది చెయ్యి.

"ఇది గూడ గంతే ఉంటది. ఒక చెయ్యి తీగ పరుస్తుంటె ఇంకో చెయ్యి కొట్టాలె. గాయన కాడ తీగే లేదు. మనం వచ్చినకాడికెల్లి గా ఒక్క ఆకు మీదనే కొడుతుండు. ఎప్పుడో అయిపోయిన పని అది."

నేను కళ్ళు చిట్లించి చూశాను. నిజమే. ఎడమ చెయ్యి బల్ల మీద ఊరికే ఉంది.

అప్పుడు నా లాకెట్ తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. లోపలికి వెళ్ళి స్టాండు మీద వేలాడుతున్న అలాంటివే ఒక పది తిప్పి చూసింది. ప్రతి ఆకుకూ ఎడమ అంచున, మూడో ఈనె దగ్గర, గీత కొంచెం పక్కకు పోయి ఉంది. "చెయ్యి తప్పుతది టీచర్. నాదీ తప్పుతది. గని వంద పార్లు ఒక్కతాననే తప్పదు. మిషన్ల అచ్చేసినయి ఇవి" అంది.

నేను దుకాణం మనిషి దగ్గరికి వెళ్ళాను. సూటు, మెడలో టై, మంచి ఇంగ్లీషు. ఇది చేతితో చేసింది అని రాశారు, ఏ చేతితో అని అడిగాను. మొదటి డిజైను చేతితోనే గీశారు మేడమ్ అన్నాడు. మరి ఆయన ఏం చేస్తున్నాడని అద్దాల గది చూపించాను. ఆయన మా సంప్రదాయాన్ని చూపిస్తున్నాడు అన్నాడు. ఆయన చేసింది ఏదీ, ఒక్కటి అమ్మండి అన్నాను. ఆయన చేసినవి అమ్మకానికి లేవట. లాకెట్ వెనక్కి తీసుకోమంటే, అమ్మినవి వెనక్కి తీసుకోము అని రాసి ఉన్న బోర్డు వైపు వేలు చూపించాడు. పిల్లలు పరీక్షలో కాపీ కొట్టి దొరికినప్పుడు కూడా నేనంత గట్టిగా అరవలేదు. దుకాణంలో అందరూ తిరిగి చూశారు. నాకేం సిగ్గనిపించలేదు.

ఆ గోల మధ్యలో అండాలమ్మ లేదు. చూస్తే అద్దాల గది తలుపు దగ్గర ఉంది. ఫోన్ల గుంపు ఇంకో సందులోకి వెళ్ళిపోయింది. ముసలాయన సుత్తి ఆపి నీళ్ళు తాగుతున్నాడు. ఆమె తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది, వెనకే నేనూ. తన ఎడమ చూపుడు వేలు ఆయన ముందు పెట్టింది. ఆ వేలి కొస నిండా సూదిపోట్ల నల్లటి చుక్కలు, గట్టిపడిన చర్మం.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ వేలిని చాలాసేపు చూశాడు. తర్వాత తన ఎడమ బొటనవేలు తిప్పి చూపించాడు. తీగ ఒరుసుకుపోయిన గాడి దానికి అడ్డంగా ఉంది. అప్పుడు లేచి, తలుపుకు గడియ పెట్టి, సొరుగు లోంచి సగం అయిన రేకు ఒకటీ, వెంట్రుకంత సన్నటి తీగ చుట్టా తీశాడు.

తర్వాత జరిగినదాన్ని నేను సరిగ్గా చెప్పలేను. ఎడమ చెయ్యి తీగను వంచి పరుస్తుంటే కుడి చెయ్యి దాన్ని వెంబడిస్తోంది. తీగ కొమ్మయింది, కొమ్మకు పిట్ట కూర్చుంది. అండాలమ్మ తల అటూ ఇటూ ఊపుతూ భలే, భలే అనుకుంటోంది. ఆయన ఆ ఊపు చూసి ఠక్కున ఆగిపోయాడు. ముఖం చిన్నబోయింది. వాళ్ళ దేశంలో అలా ఊపితే కాదు, బాగాలేదు అని. నాకు ప్రాణం పోయినంత పనైంది. నేను నోరు తెరిచేలోపే అండాలమ్మ ఆ రేకును రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. ఆయన మళ్ళీ తీగ అందుకున్నాడు.

నాలుగు నిమిషాలు ఉంటుందేమో. సూటు మనిషి వచ్చి అద్దం మీద వేళ్ళతో కొట్టాడు. బయట కొత్త గుంపు, కొత్త ఫోన్లు. ముసలాయన పిట్టను సొరుగులో పెట్టి, గడియ తీసి, పాత రేకు ముందుకు లాక్కుని టకటకమని కొట్టడం మొదలుపెట్టాడు. అండాలమ్మ అక్కడి నుంచి కదలడానికి నేను రెండుసార్లు చెయ్యి పట్టి లాగాల్సి వచ్చింది.

బస్సు దగ్గర

ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాం. "నలభై మంది మీ ఇద్దరి కోసం వెయిటింగ్ అండీ" అన్నాడు ప్రసాద్. పొద్దున కమిషన్ కోసం అందరినీ కత్తుల దుకాణంలో గంట నిలబెట్టిన పెద్దమనిషి మాకు టైము నేర్పుతున్నాడు. ఆ మాట పైకే అన్నాను. బస్సులో కొందరు నవ్వారు, కొందరు గొణిగారు.

అండాలమ్మ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఊరు దాటాక అడిగింది.

"నన్ను గూడ గట్లనే కూసోవెడ్తరు గద టీచర్?"

"అందరూ అలాగే ఉండరులే."

"నువ్వే జెప్పినవ్, మర్యాద అని."

చెప్పాను. పదిసార్లు చెప్పాను. ఆ రోజు టోలెడోలో చర్చి కాపలా ఆవిడ మీద, హోటల్ వాళ్ళ మీద, సూటు మనిషి మీద, ప్రసాద్ మీద కోప్పడ్డాను. మాడ్రిడ్ చేరేదాకా మిగిలిన కోపమంతా నా మీదే.

దిల్‌సుఖ్‌నగర్

వచ్చిన మూడో రోజు ఇద్దరం షోరూమ్‌కు వెళ్ళాం. అద్దాల గది తయారైపోయింది, లోపల కొత్త మగ్గం కూడా పెట్టారు. "కూసుంట సార్. గని మగ్గం కింద అద్దం పెట్టున్రి. కింది చెయ్యి అందరికి కనవడాలె" అంది అండాలమ్మ.

మేనేజరు నవ్వాడు. "కింద చూడ్డానికి ఏముంటుందమ్మా?"

"పని ఉంటది."

ఓనరుతో మాట్లాడి ఫోన్ చేస్తానన్నాడు. చెయ్యలేదు.

నెల తర్వాత తువ్వాళ్ళు కొనడానికి అటు వెళ్ళాను. అద్దాల గదిలో ఎవరో అమ్మాయి కూర్చుని సూది గుచ్చుతోంది. నేను చేతిరుమాలు కావాలనే కింద పడేసి వంగి చూశాను. కింది చెయ్యి ఒళ్ళో ఊరికే ఉంది. మేనేజరును పిలిచి అడగబోయాను. కానీ తల ఎత్తేసరికి ఆ అమ్మాయి నన్నే చూస్తోంది, భయంగా. ఆమెకు ఆ జీతం కావాలి. నోరు మూసుకుని, తువ్వాళ్ళు కొనకుండా బయటికొచ్చాను.

నేరుగా సందులోకి నడిచాను. అండాలమ్మ షాపులో మగ్గం మీద నా కొత్త జాకెట్టే ఉంది. కింద నేల మీద పాత బీరువా తలుపు నుంచి ఊడదీసిన నిలువుటద్దం పడుకోబెట్టింది. నేను మోకాళ్ళ మీద కూర్చుని వంగాను. అద్దంలో ఆమె కింది చెయ్యి కనిపించింది. దారం పట్టుకుని, వేలి కొసతో సూదిని తడుముకుని, అందించి, వదిలి, మళ్ళీ అందిస్తోంది. రెండుసార్లు సూది వేలికి గుచ్చుకుంది. పైన ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

ఇరవై ఏళ్ళు. ఆలస్యమైందని దబాయించాను, ఎక్కువ తీసుకుంటోందని బేరమాడాను, పెళ్ళిళ్ళలో అందరికీ వీపు తిప్పి చూపించుకున్నాను. ఒక్కసారి వంగి చూడలేదు.

"లెవ్వు టీచర్, నడుం వట్టుకుంటది" అంది అండాలమ్మ పైనుంచి.

"ఉండు, ఇంకా చూడలేదు" అన్నాను.